టూర్ ద ఫ్రాన్స్‌కు ముందు ‘ఫామ్’ చర్చ: అపోహలు - వాస్తవాలు

ఏటా జూన్ వచ్చేసరికి సైకిల్ రేసుల అభిమానుల మధ్య ఒకే ప్రశ్న నలుగుతుంది: ఫలానా రైడర్ ఫామ్‌లో ఉన్నాడా, లేడా? హైదరాబాద్‌లో రోడ్ సైక్లిస్టులకు శిక్షణ ఇచ్చే నన్ను కూడా నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఆ నెలంతా ఇదే అడుగుతారు. ఫామ్ అన్న మాటను మనం క్రికెట్ నుంచి తెచ్చుకున్నాం. అక్కడ బ్యాటర్ వరసగా మూడు ఇన్నింగ్సుల్లో విఫలమైతే ఫామ్ పోయిందంటాం, సెంచరీ చేస్తే తిరిగి వచ్చిందంటాం. సాధారణంగా జూలైలో జరిగే టూర్ ద ఫ్రాన్స్ అలా కాదు, మూడు వారాల్లో 21 స్టేజీలు, అంటే రోజుకొకటిగా 21 దశలు, తొక్కవలసిన ఆ రేసుకు ఆ కొలబద్ద సరిపోదు. సైక్లిస్టు ఫామ్ అనేది ముందురోజు ఫలితంలో కంటే అతని శరీరం అంతకుముందు నెలల్లో ఏం చేసిందన్న దానిలో ఎక్కువగా ఉంటుంది.

అపోహ: టూర్‌కు ముందు జరిగే రేసులో ఓడినవాడు టూర్‌లో గెలవలేడు.

ముందు జరిగే రేసు అంటే ముఖ్యంగా 2025 వరకు క్రిటేరియమ్ ద్యూ దోఫినే అన్న పేరుతో జరిగిన రేసు (2026 నుంచి దాని పేరు టూర్ ఒవెర్న్-రోన్-ఆల్ప్). జూన్‌లో ఫ్రాన్స్ ఆగ్నేయ ప్రాంతపు కొండల్లో సాధారణంగా ఎనిమిది రోజులు జరుగుతుంది. 2012 నుంచి 2025 వరకు జరిగిన 14 దోఫినేల విజేతలను టూర్ విజేతల పక్కన పెట్టి చూడండి. 2012లో బ్రాడ్లీ విగ్గిన్స్, 2013, 2015, 2016లలో క్రిస్ ఫ్రూమ్, 2018లో గెరైంట్ థామస్, 2023లో యోనాస్ వింగెగార్డ్, 2025లో తాదేయ్ పోగచార్ రెండూ గెలిచారు. అంటే ఏడుసార్లు కుదిరింది, ఏడుసార్లు కుదరలేదు. కుదరని ఏడింటిలో ఐదుసార్లు దోఫినే విజేత ఆ ఏడాది టూర్ పూర్తి చేయనే లేదు: 2014లో ఆండ్రూ టలాన్‌స్కీ, 2017, 2019లలో యాకోబ్ ఫుగ్ల్‌సాంగ్, 2022, 2024లలో ప్రిమోజ్ రోగ్లిచ్. ఆ ఐదు సందర్భాల్లోనూ రైడర్ కిందపడి దెబ్బలు తిన్నవాడే. వాళ్లు ఇంటికి వెళ్లడానికి ఫామ్ కారణం కాదు.

టూర్ గెలిచినవారి వైపు నుంచి చూసినా ఇదే కనిపిస్తుంది. విన్చెంజో నిబాలి 2014లో దోఫినేలో ఏడో స్థానంలో నిలిచి, నెల తిరగకముందే టూర్‌లో మొత్తం సమయంలో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ ధరించి, దానితోనే పారిస్ చేరాడు. ఫ్రూమ్ 2017లో దోఫినేలో నాలుగోవాడు. పైగా ఆ ఏడాది టూర్ మొదలయ్యేదాకా అతనికి ఒక్క విజయమూ లేదు, అయినా టూర్ గెలిచాడు.

2025 దోఫినే సంగతి మరీ చెప్పుకోదగినది. నాలుగో రోజున జరిగిన 17.4 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో, అంటే రైడర్లు ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే స్టేజీలో, పోగచార్ విజేత రెమ్కో ఎవెనెపూల్ కంటే 48 సెకన్లు, వింగెగార్డ్ కంటే 28 సెకన్లు వెనకబడ్డాడు. ఆ సాయంత్రం నాకు వచ్చిన సందేశాలన్నింటి సారాంశం ఒకటే: “సార్, పోగచార్ పని అయిపోయినట్టేనా?” రెండు రోజుల తరువాత కొంబ్లూ కొండ మీద అతడు వింగెగార్డ్ కంటే 61 సెకన్ల ముందు గీత దాటాడు. ఆ మొదటి టైమ్ ట్రయల్ జరిగిన సరిగ్గా నాలుగు వారాలకు టూర్‌లో, కాన్ నగరంలో జరిగిన 33 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో ఎవెనెపూల్ తరువాత 16 సెకన్ల తేడాతో రెండో స్థానంలో నిలిచాడు. వింగెగార్డ్ అక్కడ ఎవెనెపూల్ కంటే 1 నిమిషం 21 సెకన్లు వెనకబడ్డాడు. ఒక బుధవారపు గడియారం చూసి నెల రోజుల తరువాతి స్థితిని నిర్ణయించడం ఎంత కష్టమో చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో మా వృత్తిలో వాడే లెక్క ఒకటి చెబుతుంది. దాని మూలం 1970లలో కెనడా శాస్త్రవేత్త ఎరిక్ బానిస్టర్ రూపొందించిన నమూనా. ప్రతి కఠినమైన అభ్యాసమూ శరీరంలో రెండు ముద్రలు వేస్తుంది: ఒకటి సామర్థ్యం, రెండోది అలసట. సామర్థ్యం నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తరుగుతుంది, అలసట వెంటనే పేరుకుని త్వరగా దిగిపోతుంది. మేము వాడే సాఫ్ట్‌వేర్‌లో మొదటిదానికి సుమారు గత 42 రోజుల, రెండోదానికి గత 7 రోజుల అభ్యాసపు సగటును ప్రమాణంగా తీసుకుంటారు. మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసివేస్తే మిగిలేదే ఫామ్. టూర్ లక్ష్యంగా పెట్టుకున్న రైడర్ చాలాసార్లు స్పెయిన్‌లోని సియెర్రా నెవాడా, తెయ్‌దె వంటి ఎత్తైన చోట్ల వారాల తరబడి కొండలు తొక్కి, ఆ అలసటను మోసుకునే దోఫినేకు వస్తాడు. అప్పటికి సామర్థ్యం తయారయ్యే ఉంటుంది, కానీ దాని మీద అలసట కప్పి ఉంటుంది. తరువాతి రెండు వారాల్లో అభ్యాసం పరిమాణాన్ని 40 నుంచి 60 శాతం వరకు తగ్గించి, తీవ్రతను మాత్రం తగ్గించకుండా ఉంచితే ఆ పొర తొలగుతుంది. అందువల్ల జూన్‌లో కొంచెం బరువుగా తొక్కుతున్న రైడర్‌ను చూసి నేను కంగారుపడను. రెండు మూడు వారాల్లో తగ్గే అలసటా, అసలు సామర్థ్యమే లేకపోవడమా అన్నది టీవీలో చూసేవారికి ఒకేలా కనిపిస్తుంది. తేడా తెలిసేది అతని కోచ్‌కు మాత్రమే.

అపోహ: కొండ ఎక్కిన సమయం నుంచి లెక్కగట్టిన ‘కిలోకు ఇన్ని వాట్లు’ అన్న అంకె ఫామ్‌ను కచ్చితంగా చెబుతుంది.

రైడర్ తన శరీర బరువులో ఒక్కో కిలోకు పెడల్ మీద ఎంత శక్తి పెడుతున్నాడో చెప్పేది ఈ లెక్క. దీని మీద నాకు గౌరవం ఉంది, రోజూ చేసే పని కూడా అదే. కానీ దానికి ఎంత పొరపాటు అంటుకుని ఉంటుందో చూపిస్తాను. 65 కిలోల రైడర్, 8 కిలోల సైకిలూ సామగ్రీ, 8 శాతం వాలు, గంటకు 20 కిలోమీటర్ల వేగం అనుకుందాం. గాలి లేనప్పుడు అతనికి సుమారు 370 వాట్లు కావాలి, అందులో గాలిని చీల్చడానికి పోయేది 30 వాట్ల చిల్లర మాత్రమే. ఇప్పుడు గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తోందనుకోండి. అదే వేగానికి ఇంకో 40 వాట్లు అవసరమవుతాయి, అంటే కిలోకు 0.6 వాట్లు. గెలుపోటముల మధ్య తేడా తరచుగా అంతకంటే తక్కువే ఉంటుంది. అయినా ఇంట్లో కూర్చుని లెక్కగట్టేవారికి ఆ మలుపులో గాలి ఎటు వీచిందో, రైడర్ ఎంతసేపు సహచరుల వెనక దాక్కున్నాడో, అతని అసలు బరువెంతో తెలియదు.

2024 టూర్‌లో ప్లాటో ద బేయ్ కొండను పోగచార్ దాదాపు 40 నిమిషాల్లో ఎక్కి, 1998లో మార్కో పంతాని నెలకొల్పిన సమయాన్ని మూడు నిమిషాలకు పైగా మెరుగుపరచినప్పుడు కూడా ఇలాంటి వాదనలే చెలరేగాయి. ఆ 26 ఏళ్లలో సైకిళ్లు, టైర్లు, గంటకు 100 గ్రాములు దాటిన పిండిపదార్థాల ఆహారం, కొండ మొదలయ్యే ముందు రేసు నడిచిన తీరు అన్నీ మారాయి. అంకెలను పోల్చేవారు ముందు ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: బుగ్గలు లోపలికి పోయి, నరాలు తేలి కనిపిస్తే రైడర్ శిఖర స్థాయిలో ఉన్నట్టు.

దీని గురించి నేను కటువుగానే మాట్లాడతాను, ఎందుకంటే ఇది ఐరోపాలోని వృత్తి రైడర్లతో ఆగడం లేదు. టూర్ ఫొటోలు చూసి తిండి మానుకున్న కుర్రవాడిని నా దగ్గరే చూశాను. ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గాడు. మొదటి నెలలో అనంతగిరి ఘాట్ మీద అతని సమయం మెరుగుపడింది, ఆ తరువాత జలుబులు వదలలేదు, నిద్ర చెడింది, అరగంట పాటు నిలబెట్టగల శక్తి మునుపటికంటే బాగా పడిపోయింది. కోలుకోవడానికి ఏడాది పట్టింది. చేసే శ్రమకు తగినంత శక్తి ఆహారం నుంచి అందకపోతే హార్మోన్లు, ఎముకలు, రోగనిరోధక శక్తి అన్నీ దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే ఈ స్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ హెచ్చరించింది. ఫొటోలో కనిపించే సన్నదనం ఫామ్ కావచ్చు, ఆకలి కావచ్చు, జబ్బు కావచ్చు.

అపోహ: మే నెలలో ఇటలీలో మూడు వారాలు జరిగే జిరో డిటాలియా తొక్కినవాడు టూర్‌లో నిలవలేడు.

ఇందులో సగం నిజం ఉంది. 2015లో అల్బెర్టో కోంటడోర్ జిరో గెలిచి టూర్‌లో ఐదో స్థానానికి పడిపోయాడు, 2018లో ఫ్రూమ్ జిరో గెలిచి టూర్‌లో మూడోవాడయ్యాడు. 1998లో పంతాని తరువాత ఒకే ఏడాది రెండూ గెలిచింది 2024లో పోగచార్ ఒక్కడే. అయితే 2018లో టామ్ డుమోలాన్ రెండింటిలోనూ రెండో స్థానం సాధించాడు. కాబట్టి కష్టమనవచ్చు గానీ, అసాధ్యమనకూడదు.

అపోహ: మొదటి రెండు వారాలు బాగుంటే ఫామ్ ప్రశ్న తీరిపోయినట్టే.

తాజాగా ఉన్నప్పుడు 20 నిమిషాల పాటు ఎంత శక్తి పెట్టగలడన్నది ఒక సంగతి, నాలుగు గంటలు తొక్కి వేల కిలోజూల్స్ ఖర్చు చేశాక అందులో ఎంత మిగులుతుందన్నది వేరే సంగతి. ఎనిమిది రోజుల రేసు ఈ రెండోదాన్ని పూర్తిగా బయటపెట్టదు. 2023 ఏప్రిల్ 23న లియేజ్-బాస్తోన్-లియేజ్ రేసులో పోగచార్ కిందపడి మణికట్టు ఎముక విరగ్గొట్టుకున్నాడు. వారాల తరబడి రోడ్డు మీద సరైన అభ్యాసం సాగలేదు. టూర్ మొదలయ్యాక మాత్రం అతడు స్టేజీ గెలిచాడు, 15వ స్టేజీ ముగిసేసరికి వింగెగార్డ్ కంటే కేవలం 10 సెకన్లు వెనక ఉన్నాడు. మణికట్టు మాట అందరూ మరిచిపోయారు. 16వ స్టేజీ టైమ్ ట్రయల్‌లో 1 నిమిషం 38 సెకన్లు పోయాయి. మరునాడు 2,304 మీటర్ల ఎత్తున్న కోల్ ద లా లోజ్ కనుమ మీద ఇంకో 5 నిమిషాల 45 సెకన్లు పోయాయి. వసంతంలో పోయిన శిక్షణ మూడో వారంలోనే బయటపడిందని నా అంచనా, కొండల మీద రైడర్లను కూలబడనివ్వకుండా తయారుచేసే పని చేసేవాడిగా ఆ అంచనా మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అతని ఫామ్ పూర్తిగా పోయిందన్న తీర్పు కూడా ఆ రాత్రే వచ్చేసింది. మూడు రోజుల తరువాత, జూలై 22న, ల మార్క్‌స్టైన్ కొండ మీద జరిగిన 20వ స్టేజీని పోగచార్ గెలిచాడు.