నైరోబీ నడిబొడ్డున కరాచీ వర్తకుడి తోట

1991లో కెన్యా రాజధాని నైరోబీలోని జీవన్‌జీ గార్డెన్స్ మీద కన్ను పడింది. పార్కు స్థలంలో కార్ల పార్కింగు కట్టాలన్నారు. అడ్డం తిరిగినవాళ్లలో ముందు నిలబడింది జరీనా పటేల్. ఆ తోటను ఊరికి ఇచ్చిన మనిషికి మనవరాలు. తోట దక్కింది.

ఆ మనిషి అలీభాయ్ ముల్లా జీవన్‌జీ. 1856లో కరాచీలో పుట్టిన బోహ్రా ముస్లిం. 1890 ప్రాంతంలో తూర్పు ఆఫ్రికా రేవు పట్టణం మొంబాసా చేరాడు. రైలుతో ఆయన దశ తిరిగింది. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా పట్టాలు వేయడానికి బ్రిటిష్ వాళ్లు ఇండియా నుంచి దాదాపు 32,000 మంది కూలీలను దించారు. కూలీలను తెచ్చే పనిలో, వాళ్లకు తిండి సరుకులు అందించే పనిలో ఈయన కంపెనీకి కాంట్రాక్టులు దక్కాయి. వచ్చినవాళ్లలో సుమారు 2,500 మంది తిరిగి ఇల్లు చూడలేదు. జీవన్‌జీ సంపద గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్కనూ మరవకూడదు.

1901-02 ప్రాంతంలో మొంబాసాలో 'ఆఫ్రికన్ స్టాండర్డ్' పత్రిక పెట్టాడు. కొన్నేళ్లకే అమ్మేశాడు. కొన్నవాళ్ల చేతిలో అది తెల్ల భూస్వాముల గొంతైంది, భారతీయుల హక్కుల కోసం ఈయన చేసిన పోరాటాన్నే ఎండగట్టింది! 1906లో తోట కట్టించి, అందులో విక్టోరియా రాణి విగ్రహం నిలిపాడు. అప్పటికింకా సామ్రాజ్యం మీద ఆయనకు నమ్మకముంది.

ఆ నమ్మకం సడలడానికి కారణం భూమి. కెన్యాలో చల్లటి కొండ ప్రాంతంలోని సారవంతమైన నేలలు భారతీయులకు ఇవ్వబోమని 1908లో లండన్‌లోని వలస వ్యవహారాల మంత్రి ఎల్గిన్ తేల్చేశాడు. మరుసటి ఏడాది జీవన్‌జీని ఆ వలస శాసనమండలికి నామినేట్ చేశారు. తెల్లవాడు కాని తొలి సభ్యుడు ఆయనే. ఒక్కడి మాట అక్కడ ఎవరు వింటారు? 1910లో లండన్ వెళ్లి, నేటి కెన్యాను ఇండియాలో కలిపేయమని అడిగాడు. అది అతి అనే అంటాను. అక్కడి నేల అసలు హక్కుదారులు ఆఫ్రికన్లన్న సంగతి ఆ కోరికలో ఎక్కడా లేదు. శాసనమండలిలో తొలి ఆఫ్రికన్ సభ్యుడు ఎలియుడ్ మాథు అడుగుపెట్టింది 1944లో.

మండలిలో ఆయన ఉన్నది రెండేళ్లే. అసలు రాజకీయం బయటే నడిచింది. 1914లో మొంబాసాలో తూర్పు ఆఫ్రికా భారతీయ జాతీయ కాంగ్రెస్ తొలి సభకు అధ్యక్షుడయ్యాడు. అక్కడి నుంచి తెల్లవాళ్లతో సమాన ఓటు కోసం ఏళ్ల తరబడి పోరు. 1923లో బ్రిటిష్ ప్రభుత్వం తీర్పు చెప్పింది: తెల్లవాళ్లకు 11 సీట్లు, భారతీయులకు వేరే ఓటర్ల జాబితాలో 5. కొండ భూములు తెల్లవాళ్లవే. ఆఫ్రికన్ల ప్రయోజనాలే అన్నిటికన్నా ముఖ్యమని కాగితం మీద రాసి, సీటు మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు.

జీవన్‌జీ 1936లో నైరోబీలో పోయాడు.

1990లలో ఆ తోట బెంచీల చుట్టూ జనం చేరి దేశ రాజకీయాలు చర్చించడం మొదలుపెట్టారు. దానికి 'బుంగే లా మ్వనాంచి' అని పేరు, అంటే జనం పార్లమెంటు. నామినేషన్ అక్కర్లేదు, వేర్వేరు ఓటర్ల జాబితాలూ లేవు. రాణి విగ్రహం తలను 2015లో ఎవరో విరగ్గొట్టారు.