ఐదు ఒలింపిక్ స్వర్ణాల రెడ్‌గ్రేవ్: రోయింగ్‌పై అపోహలు - వాస్తవాలు

హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు రోయింగ్ (తెడ్లతో పడవ నడిపే పందెపు ఆట) నేర్పుతుంటాను. చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల అనుమానాలు దాదాపు ఎప్పుడూ ఒకటే. నా దగ్గరున్న జవాబు కూడా చాలావరకు ఒక్క మనిషే: స్టీవ్ రెడ్‌గ్రేవ్. 1984 లాస్ ఏంజెలెస్ మొదలు 2000 సిడ్నీ వరకు వరసగా ఐదు ఒలింపిక్స్‌లో స్వర్ణం కొట్టిన బ్రిటన్ రోవర్.

అపోహ: చేతుల్లో బలముంటే చాలు.
సీటు కింద చక్రాలుంటాయి, అది పట్టాల మీద ముందుకూ వెనక్కీ జరుగుతుంది. ఎందుకంటారు? కాళ్లతో తన్నడానికే. తెడ్డు నీట్లో పడగానే ముందు కాళ్లు, ఆ తర్వాత నడుము, వీపు. చేతుల వంతు చిట్టచివర.

అపోహ: షుగరొస్తే ఆటకు సెలవే.
రెడ్‌గ్రేవ్‌కు 1992లో పెద్దపేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్) బయటపడింది. ఆ ఏడాదే బార్సిలోనాలో గెలిచాడు. 1997లో టైప్-2 మధుమేహం అన్నారు. తీపి తగ్గించి తింటే సాధనకు సత్తువ చాలలేదు. దాంతో డాక్టరు సాయంతో మళ్లీ భారీ తిండికే వచ్చి, రోజులో పలుమార్లు ఇన్సులిన్ తీసుకుంటూ పడవెక్కాడు. సిడ్నీలో నలుగురి పడవలో ఇటలీని 0.38 సెకన్ల తేడాతో ఓడించాడు. అప్పటికి వయసు 38. ఇది విని ఇంట్లో మందులు మానేయకండి మహాప్రభో! ఆయన వెనుక డాక్టరున్నాడు, ప్రతి పూటా రక్తపరీక్ష ఉంది.

అపోహ: అంత మొనగాడైతే ఒంటరిగానే గెలుస్తాడు.
1986 ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్ స్కల్స్ (ఒక్కడే రెండు తెడ్లతో నడిపే పడవ పందెం) గెలిచిన మాట నిజమే. కానీ ఒలింపిక్ స్వర్ణాలు ఐదూ జట్టు పడవల్లో వచ్చినవే. 1988లో ఆండీ హోమ్స్, 1992, 1996ల్లో మాథ్యూ పిన్సెంట్ జోడీ. ఇద్దరి పడవలో మనిషికొక్కటే తెడ్డు: ఒకడిది కుడివైపు, ఇంకొకడిది ఎడమవైపు. పక్కవాడికంటే గట్టిగా లాగితే పడవ ముందుకు పోదు, పక్కకు తిరుగుతుంది. అందుకే జట్టు కట్టేటప్పుడు ఎర్గోమీటర్ (ఒడ్డున సాధన చేసే రోయింగ్ యంత్రం) మీద అందరికంటే మంచి టైమింగ్ తెచ్చినవాణ్ని కాదు, ఎదుటివాడి లయ పట్టుకునేవాణ్నే నేను తీసుకుంటాను. తల్లిదండ్రులకు ఇది నచ్చదు, గొడవలూ అవుతుంటాయి.

అపోహ: నది ఒడ్డున పుట్టినవాళ్లకే ఈ ఆట.
రెడ్‌గ్రేవ్ థేమ్స్ ఒడ్డున మార్లోలో పుట్టాడు, సరే. మరి 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనకు రోయింగ్‌లో తొలి స్వర్ణం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్‌ది రాజస్థాన్‌లోని సీకర్ జిల్లా. 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానంలో నిలిచిన దత్తు భోకనల్‌ది నాసిక్ జిల్లాలోని కరవు పల్లె. ఇద్దరూ తెడ్డు పట్టింది సైన్యంలో చేరాకే.

ఈత మాత్రం ముందే నేర్పించి తీసుకురండి. అది రాకపోతే నేను పడవ ఎక్కనివ్వను.