ఊ కొట్టడమా, మాట కలపడమా? ఓరుగల్లు కథాగానాల నేపథ్యం

బాల్యవివాహాలు, బెల్టు షాపులు, భూమి తగాదాల మీద పల్లె జనం నోరు విప్పాలంటే ఒక కథో నాటకమో పెట్టించాలన్న మాట తరచూ వింటుంటాం. ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఇది కొత్త ఆలోచన కాదు. కొత్తగా వచ్చిందల్లా కళాకారులు వ్యానులో దిగి, చెప్పవలసింది చెప్పి, చీకటి పడకముందే వెళ్లిపోయే పద్ధతి. ఊరు బదులు చెప్పే వీలు అక్కడే పోతోంది.

ఓరుగల్లు వీధులను వర్ణించిన ‘క్రీడాభిరామం’లో పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ కనిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో తన కాలపు ఆటపాటలను, బొమ్మలాటలను కళ్లకు కట్టాడు. ఆ తరువాత ఈ ప్రాంతంలో కథ కులాల వారీగా స్థిరపడింది. చేర్యాల నకాషీలు గుడ్డపై వేసిన పటాలు చూపుతూ కాకిపడగలవారు ముదిరాజులకు, కూనపులివారు పద్మశాలీలకు కులపురాణాలు చెబుతారు. ఒగ్గు పూజారులు కురుమ, గొల్ల కుటుంబాలకు మల్లన్న, బీరప్ప కథలు వినిపిస్తారు. ఫలానా ఊళ్లు ఫలానా బృందానివన్న మిరాశీ హక్కులూ ఉండేవి. దీన్ని స్వర్ణయుగమని నేను అనను. ఎవరి కథ వారి వాడలోనే తిరిగేది. ఊరంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సందర్భాలు తక్కువ.

అయినా ఆ ప్రదర్శనల నిర్మాణంలోనే వాదానికి చోటుంది. చిందు కళాకారులు మాదిగ కుటుంబాల ముందు ఆడే జాంబపురాణంలో వారి మూలపురుషుడు జాంబవంతుడు బ్రాహ్మణుడితో ఎదురు నిలిచి వాదిస్తాడు. ఈ భూమి పుట్టకముందే తాను పుట్టానంటాడు. ఎవరు ముందు, ఎవరు ఎక్కువ అన్న ప్రశ్న వేదిక మీద బాహాటంగా నలుగుతుంది. పగలు ఊరి నడిబొడ్డున అనలేని మాటను రాత్రి వేషం కట్టి అనే వీలు అది. కులం గురించి ఇంత సూటిగా మాట్లాడిన ప్రజావేదిక మరొకటి నాకు కనిపించదు. ఒగ్గు కథలోనూ కథకుడు ఒంటరి కాడు. పక్కనున్న వంతగాడు మధ్యలో ఆపి అడుగుతాడు, సందేహపడతాడు, ఎగతాళి చేస్తాడు. వినేవారి మనసులోని ప్రశ్న అతని నోట వస్తుంది.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకీకి బలయ్యాక ఈ రూపాలు తెలంగాణ సాయుధ పోరాటపు చేతికి వచ్చాయి. గొల్లసుద్దులు, బుర్రకథలు వెట్టి గురించి, దొరల గడీల గురించి మాట్లాడాయి. బుర్రకథలో ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. ఆనాటి సంగతులను అప్పటికప్పుడు కథలో కలిపే పని ఆ రెండో వంతది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకాన్ని కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. అప్పట్లో ఆంధ్ర జిల్లాలను ఏలిన మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వమూ ఈ దారి పట్టింది. కేంద్రం 1954లో పాటలు, నాటకాల కోసం ప్రత్యేక విభాగాన్నే పెట్టింది. కుటుంబ నియంత్రణ, చిన్న మొత్తాల పొదుపు, ఆ తరువాత అక్షరాస్యత కథావస్తువులయ్యాయి. మరోవైపు 1972లో మొదలైన విప్లవ కళాబృందం జననాట్యమండలి, 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ ఆటపాటల సభ ధూంధాం పాటను ఉద్యమానికి ఊపిరిగా మార్చాయి. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వ సంస్థ అయిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలు దొరికాయి. ఎన్నో ఏళ్లు అన్నం పెట్టని కళకు జీతం రావడం గొప్ప మేలు. కానీ పథకాల ప్రచారమే ప్రధానమైనచోట వంతగాడు ప్రశ్నించడం మానేస్తాడు. ఉద్యమ వేదికలు సైతం జనాన్ని కదిలించినంతగా వారి భిన్నాభిప్రాయాలను వినలేదు.

బ్రెజిల్ నాటక ప్రయోక్త అగస్టో బోల్ ఇదే చిక్కును ఎదుర్కొని మరో పద్ధతి కట్టాడు. అన్యాయంతో ముగిసే చిన్న నాటకాన్ని మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ప్రేక్షకులలో ఎవరైనా ‘ఆపండి’ అని, నటుడి స్థానంలోకి వచ్చి తన దారి తాను ప్రయత్నించవచ్చు. బెంగాల్ పల్లెల్లో జనసంస్కృతి బృందం 1985 నుంచి దీన్ని సాగిస్తోంది.

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి ఇంట్లో భర్త అప్పు ఎంతో తెలియని ఇల్లాలి పాత్రను తలచుకోండి. వడ్డీవ్యాపారి గడపలోకి వచ్చిన ఘట్టంలో ఆటను ఆపి, ఆ పాత్రలోకి ఊరి స్త్రీ ఒకరు వస్తే ఏ కరపత్రమూ చెప్పించలేని మాట బయటికి వస్తుంది. దీనికి కావలసిన మనిషి ఇక్కడే ఉన్నాడు. ఆటను ఆపి జనాన్ని అడగడం వంతగాడికి తెలిసిన విద్యే.

ఒగ్గు కథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్యది జనగామ ప్రాంతమే. 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యది కడవెండి ఉన్న దేవరుప్పుల మండలమే. సత్కారాలు సరే, కళాకారులకు అడిగే స్వేచ్ఛ కూడా కావాలి. ప్రదర్శన తరువాత ఒక గంట చర్చను కార్యక్రమంలో భాగంగా ముందే రాసి, ఆ సమయానికీ పారితోషికం ఇవ్వాలి. అక్కడ వచ్చిన ఫిర్యాదులను పంచాయతీ కార్యదర్శి నమోదు చేసి, తరువాతి గ్రామసభలో జవాబు చెప్పాలి.