అక్క మార్కుల లెక్క

పిల్లలూ,

మీ ఉత్తరం చేరింది. అక్క మాస్టర్స్ మొదటి సెమిస్టర్ మెమో ముందు పెట్టుకుని ఇద్దరూ లెక్క కట్టారన్నమాట! అయిదు సబ్జెక్టుల్లో పాయింట్లు 8, 8, 9, 7, 10. కూడితే 42, అయిదుతో భాగిస్తే 8.4. మెమోలో మాత్రం 8.22 ఉంది. "యూనివర్సిటీ వాళ్లు తప్పు చేశారా తాతయ్యా?" అని అడిగారు. తప్పు చేయలేదు. మీ కూడికా భాగహారమూ సరైనవే. మీరు వదిలేసింది క్రెడిట్లని.

మెమోలో పాయింట్ల పక్క గడి చూడండి. మొదటి నాలుగు సబ్జెక్టులకి నాలుగేసి క్రెడిట్లు, చివరిదైన ల్యాబ్‌కి రెండే. క్రెడిట్ అంటే ఆ సబ్జెక్టు బరువు. దానికి ఎంత పని, ఎన్ని గంటలు పడతాయో దాన్నిబట్టి నిర్ణయిస్తారు. యూరప్‌లో ఏడాది మొత్తం చదువుకి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. అందులో ఇంట్లో చదువుకునే గంటలూ కలిసే ఉంటాయి.

ఇప్పుడు ప్రతి పాయింట్‌నీ దాని క్రెడిట్‌తో హెచ్చించండి: 32, 32, 36, 28, 20. మొత్తం 148. క్రెడిట్లన్నీ కలిపితే 18. 148ని 18తో భాగిస్తే 8.22 వచ్చేసింది, చూశారా! ల్యాబ్‌లో పదికి పది వచ్చినా దాని బరువు సగమే కాబట్టి మొత్తాన్ని మీరనుకున్నంత పైకి లాగలేకపోయింది.

ఈ పాయింట్ల తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. అక్క మెమోలో 10 అన్నిటికన్నా ఎక్కువ, అమెరికాలో చాలాచోట్ల 4. జర్మనీలో అయితే తిరగబడి ఉంటుంది: 1.0 వస్తే అందరికన్నా మిన్న, 4.0 వస్తే అంచు మీద పాసయినట్టు. కొన్ని యూనివర్సిటీల్లో ఇన్ని మార్కులకి ఈ గ్రేడు అని ముందే రాసిపెడతారు. ఇంకొన్నిచోట్ల క్లాసు మొత్తం ఎలా రాసిందో చూసి గ్రేడు ఇస్తారు.

ఆ గ్రేడు వెనక ఉన్న మార్కులు కూడా ఒక్క పరీక్షవి కావు. సెమిస్టర్ మధ్యలో రాసే మిడ్స్, అసైన్‌మెంట్లు, సెమినార్లు ఇంటర్నల్స్ కిందికి వస్తాయి. చివర్లో పెద్ద పరీక్ష. ఆఖరి సెమిస్టర్‌లో చాలామంది థీసిస్ రాసి, వైవాలో పరీక్షకుల ఎదుట కూర్చుని తమ పనిని సమర్థించుకోవాలి.

పేపర్లు దిద్దడం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఏళ్ల తరబడి నేను చేసిన పని అది. నా దగ్గరికొచ్చే కట్టల్లో పేర్లుండవు, కోడ్ నంబర్లే. ఒకసారి ఒక పేపర్లో రెండో లైన్లోనే ప్లస్‌కి బదులు మైనస్ పడింది. చివరి జవాబు తప్పు. కానీ ఆ తర్వాత ప్రతి మెట్టూ తన దగ్గరున్న అంకెతో సరిగ్గా నడిపించుకొచ్చారు. పదికి ఎనిమిది వేశాను. అదే కట్టలో ఇంకో పేపర్లో జవాబు సరైనదే, అదెలా వచ్చిందో ఒక్క లైనూ లేదు. మూడుకి మించి వేయలేకపోయాను. ఆ పేపరు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ విద్యార్థికి వచ్చి ఉంటుంది, రాయలేదంతే. మార్కులు వేసేవాడికి కాగితం మీద ఉన్నదే కనిపిస్తుంది కదా.

ఒక్కడి చేతిలోనే అంతా ఉంటుందేమో అని భయపడకండి. చాలాచోట్ల మాస్టర్స్ పేపర్లు ఇద్దరు విడివిడిగా దిద్దుతారు. ఇద్దరి మార్కులకీ తేడా మరీ ఎక్కువైతే మూడో మనిషికి పంపుతారు. ఫెయిలయితే మళ్లీ రాసుకోవచ్చు, కాకపోతే కొన్నిచోట్ల ఇన్నిసార్లే అని హద్దు ఉంటుంది.

7 వచ్చిన సబ్జెక్టు గురించి అక్క దిగులుగా ఉందని రాశారు. అందులో ఇంటర్నల్స్ ఎన్ని, చివరి పరీక్షలో ఎన్ని, విడివిడిగా చూసి నాకు రాయండి. ఎక్కడ తగ్గిందో తెలిస్తే రెండో సెమిస్టర్‌కి ఏం చేయాలో అక్కా నేనూ కూర్చుని మాట్లాడుకుంటాం.

ప్రేమతో,
మీ తాతయ్య