కోనసీమలో ఒక్కరోజు ఫుడ్ టూర్: అపోహలు - వాస్తవాలు

రాజమండ్రిలో పొద్దున ఆరింటికి బయలుదేరి, జొన్నాడ వంతెన దాటి, రావులపాలెం మీదుగా అంబాజీపేట. మధ్యాహ్నం ఏదైనా పల్లెలో ఇంటి భోజనం. తిరుగుదారిలో లొల్ల లాకులు, ఆత్రేయపురం, బొబ్బర్లంక, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా చీకటి పడకముందే ఇంటికి. ఆరుగురో ఎనిమిది మందో అతిథులు, ఒక బండి, ఒక గైడు. టూరు నడిపేవాళ్లకి ఈ చుట్టు చూడ్డానికి తేలిక. దీని చుట్టూ అల్లుకున్న నమ్మకాలే టూరును చెడగొడతాయి.

అపోహ: ఎన్ని ఊళ్లు ఆగితే అంత గిట్టుబాటు.

గోదావరి జిల్లాల్లో వడ్డించేవాళ్లు చెయ్యి ఆపరు. "ఇంకొంచెం వేయించుకోండి" అంటే కాదనడానికి అతిథికి మొహమాటం. రెండో మజిలీకే పొట్ట నిండుతుంది, మూడో చోట ఫొటోలు మాత్రమే మిగులుతాయి. నాలుగు మజిలీలు చాలు, మధ్యలో గంటన్నర ఎడం ఉండాలి. పొద్దున ఒక్కొక్కరికి ఒక పొట్టిక్క (పనసాకు బుట్టలో ఉడికించే ఇడ్లీ), నడుమ ఒక కొబ్బరి బొండం, మధ్యాహ్నం అసలు భోజనం, తీపి చివర్లో. రాజమండ్రికి దగ్గర కదా అని పూతరేకుల ఊరు ఆత్రేయపురంతో మొదలుపెడితే నెయ్యి, పంచదార పడిన నోటికి తర్వాత ఏదీ రుచించదు. వడ్డించే కొలత ఇంటివారికి ముందురోజే చెప్పాలి. అతిథుల ఎదుట చెబితే వాళ్లకి చిన్నతనంగా ఉంటుంది.

అపోహ: కోనసీమ వెళ్తే పులస తినే రావాలి.

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుణ్యమా అని జనవరిలో కూడా పులస అడుగుతారు. ఈ చేప సముద్రంలో బతుకుతుంది. వరద నీరు ఎర్రగా కిందికి దిగినప్పుడు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వస్తుంది. అంటే సుమారుగా జూలై నుంచి సెప్టెంబరు దాకా. ఆ రోజుల్లో కూడా వలలో పడితేనే. మిగతా కాలంలో పులస పేరుతో వచ్చేది ఎక్కువగా సముద్రంలో పట్టిన ఇలసో, ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసులో వచ్చిన సరుకో. జాతి ఒకటే, రుచి వేరు, ధర మాత్రం పులసదే చెబుతారు. కాబట్టి ముందే పులస ఖాయమని టికెట్ అమ్మకూడదు. "దొరికితే పెడతాం, డబ్బు విడిగా" అని రాయండి.

ఇంకో చిక్కు: పులస పులుసు పొద్దున వండి మధ్యాహ్నం తినేది కాదు. మట్టి దాకలో సన్నసెగ మీద ఉడికి, రాత్రంతా ఊరి, మర్నాటికి రుచి కూడుతుంది. చేప ముందురోజు ఉదయానికే వంటింటికి చేరాలి. సన్నముళ్లు ఎక్కువ గనక పిల్లలకీ, చేప అలవాటు లేనివాళ్లకీ వేరే కూర ఉంచాలి.

పులస కాలం, వరద కాలం ఒకటే అని కూడా గుర్తుండాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. మొదటిది రాగానే నది మధ్యనున్న లంక గ్రామాలను టూరులోంచి తీసేయాలి. రెండోది వస్తే టూరే రద్దు.

అపోహ: పూతరేకులు ఎప్పుడు వెళ్లినా చేస్తూ కనిపిస్తాయి.

దుకాణంలో డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి, రేకు తీసే పొయ్యి మాత్రం ఉండదు. రేకు తీయడం ఒక పని, చుట్టడం మరో పని, చాలాసార్లు రెండూ వేర్వేరు ఇళ్లలో జరుగుతాయి. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పల్చగా కలిపిన పిండి సిద్ధంగా ఉండాలి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు, క్షణాల్లో రేకు లేస్తుంది. సెగ చాలకపోతే అంటుకుంటుంది, మించితే మాడి చిట్లుతుంది. ఇదంతా మధ్యాహ్నం మూడింటికి చూడాలంటే పిండి కొంత అట్టేపెట్టమని ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి.

ఆ గదిలో ఫ్యాన్ వేయరు. వేస్తే మంట చెదురుతుంది, రేకులు ఎగిరిపోతాయి. పొగ, ఉక్క రెండూ ఉంటాయి కాబట్టి నలుగురు చొప్పున లోపలికి పంపండి, ఉబ్బసం ఉన్నవాళ్లని గుమ్మం దగ్గరే కూర్చోబెట్టండి. గుడ్డ లాగే పని అతిథుల చేత చేయించొద్దు, ఆవిరికి వేళ్లు కాలతాయి. చుట్టడం నేర్పించండి: తడిగుడ్డతో అద్ది రేకు మెత్తబడ్డాక నెయ్యి, పైన పంచదార పొడో బెల్లం పొడో, మడత. తడి ఎక్కువైతే రేకు ముద్దవుతుంది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. దాంతో ప్రతి డబ్బా ఆ ఊరిదే అయిపోదు. లేబుల్ మీద తయారీ తేదీ, ఆహార లైసెన్సు తాలూకు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూసి కొనమనండి. బెల్లంవి త్వరగా చెమ్మ పడతాయి, దూరం వెళ్లేవాళ్లకి పంచదారవే నయం. బెల్లంవైతే షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చన్నది మరో అపోహ. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే.

అపోహ: పల్లె తిండి కదా, కడుపుకేం కాదు.

వేడివేడి పొట్టిక్కల్లో భయం లేదు. పనసాకు బుట్టల్లో పోసిన పిండి ఇడ్లీ కంటే లోతుగా ఉంటుంది కనుక ఎక్కువసేపు ఆవిరి మీద ఉంటుంది. కడుపు పాడయ్యేది పక్కనున్న కొబ్బరి పచ్చడితో, మజ్జిగతో. వేసవిలో పచ్చి కొబ్బరి పచ్చడి రెండు గంటల్లో పులుపెక్కుతుంది. బండి దిగడానికి అరగంట ముందు రుబ్బమనాలి. మజ్జిగ ఏ నీళ్లతో చిలికారో అడగడానికి మొహమాటపడొద్దు, కావాలంటే నీళ్ల క్యాన్ మీరే తీసుకెళ్లండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు బండిలో ఉండాలి, లీటరు నీళ్లకు లీటరు పొట్లం పూర్తిగా కలపాలి. "అంతా ఆర్గానిక్" అనే మాట మాత్రం ప్రచారంలో వద్దు. డెల్టా వరికి ఎరువులు, పురుగుమందులు మామూలే. సర్టిఫికెట్ చూపించిన రైతు దగ్గర మాత్రమే ఆ మాట వాడండి.

అపోహ: ఇంట్లో భోజనానికి డబ్బిస్తే నొచ్చుకుంటారు.

నొచ్చుకునేది బేరమాడితే. మనిషికింత అని, వంట చూపించినందుకు విడిగా ఇంత అని ముందే మాట్లాడుకుని, వండినావిడ చేతికే ఇవ్వాలి. ఇద్దరు రాకపోయినా వండిన ఎనిమిది మందికీ కట్టాలి.

అపోహ: సంక్రాంతి మూడు రోజులూ దీనికి మంచి అదను.

ఆ మూడు రోజులు ఏ ఇంట్లోనూ పొయ్యి ఖాళీ ఉండదు, అల్లుళ్లూ కూతుళ్లూ వచ్చి ఉంటారు, రావులపాలెం దగ్గర ట్రాఫిక్ కదలదు. వారం ముందు రండి. తేగలు తవ్వుతుంటారు, పిండివంటలు మొదలవుతాయి. ముంజల కోసమైతే ఏప్రిల్, మే.

అపోహ: హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో వెళ్లిరావచ్చు.

రోడ్డు మీద కుదరదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి రైల్లో వచ్చి, మర్నాటి రాత్రి రైలుకి తిరుగు టికెట్ తీసుకుంటే కుదురుతుంది. తిరుగు రైలుకి రెండు గంటలైనా ఎడం పెట్టండి.

అపోహ: ఎనిమిది మందికి లెక్కేసి ధర పెడితే సరిపోతుంది.

బండి అద్దె, గైడు కూలి, రేకు తీసే పొయ్యి దగ్గర ఇచ్చే డబ్బు ఎంతమంది వచ్చినా మారవు. ఒక్కొక్కరి ధర నలుగురే వస్తారనుకుని కట్టండి. నలుగురి కంటే తగ్గితే డబ్బు వాపసు ఇవ్వడమో, తేదీ మార్చడమో రెండు రోజుల ముందే తేల్చాలి. అప్పటికింకా చేప కొనరు, పిండికి బియ్యం నానబెట్టరు.