పాలియేటివ్ వేరు, హాస్పిస్ వేరు: ఈ తికమక ఎక్కడిది?

వెంటిలేటర్ తీసేయడం, కారుణ్య మరణం అంటూ సుప్రీంకోర్టులో కేసు నలిగిన ప్రతిసారీ జబ్బు తెచ్చే నొప్పి, బాధ తగ్గించే వైద్యమైన ‘పాలియేటివ్ కేర్’ అనే మాట వార్తల్లోకి వస్తుంది. వెంటనే పాత గొడవ మళ్లీ లేస్తుంది. పాలియేటివ్‌కు పంపారంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టేనని కుటుంబాలు కుంగిపోతాయి. మీరు భయపడుతున్నది ఆఖరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే హాస్పిస్ గురించి, ఇది వేరు అని ఆ వార్డుల్లో పనిచేసే డాక్టర్లు మొత్తుకుంటారు. వాళ్లు చెప్పేదే నిజం. మరి జనం ఈ రెంటినీ ఎందుకు కలిపేస్తున్నారు? దానికి జవాబు ఒక అమెరికా చట్టంలో ఉంది.

1967లో బ్రిటిష్ డాక్టర్ సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన కథ చాలామందికి తెలిసిందే. అక్కడి పని చూసి వచ్చిన కెనడా సర్జన్ బాల్ఫోర్ మౌంట్ 1975లో మాంట్రియల్‌లోని రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో అలాంటి వార్డే పెట్టారు. ఆ ఊరి ఫ్రెంచ్‌లో హాస్పిస్ అంటే దిక్కులేనివాళ్లను ఉంచే చోటు. అందుకే ఆయన పాలియేటివ్ కేర్ అన్నారు. అప్పటికి పని ఒకటే, పేర్లే రెండు.

1982లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో అసలు మలుపు వచ్చింది. పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ హాస్పిస్ ఖర్చు భరించేలా అందులో ఏర్పాటు చేశారు. కానీ జబ్బు మామూలుగా ముదిరితే ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు రాసివ్వాలి. ఆ జబ్బు నయం కావడానికి చేసే చికిత్స వదులుకుంటున్నట్టు పేషెంటు సంతకం పెట్టాలి. బీమా లెక్క కోసం గీసిన ఈ గీతతో హాస్పిస్ అంటే ‘ఇక మందులు ఆపేయడం’ అని స్థిరపడింది. ఆ నీడ పాలియేటివ్ మీదా పడింది.

నిజానికి ఆ ఆరు నెలలు కూడా గడువు కాదు. డాక్టర్లు మళ్లీ చూసి రాసిస్తే హాస్పిస్ కొనసాగుతుంది. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 2023 ఫిబ్రవరిలో హాస్పిస్‌లో చేరి, నూరేళ్లు నిండాక 2024 డిసెంబర్ 29న కన్నుమూశారు. మనసు మారితే ఆ సంతకాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకుని చికిత్సకు తిరిగి వెళ్లొచ్చు. అక్కడ అమ్మానాన్నల తరఫున ఆ కాగితం ముందు కూర్చున్న తెలుగు పిల్లలకు ఈ మాట ముందే ఎవరైనా చెప్పాలి.

పాలియేటివ్‌కు ఈ షరతులేవీ లేవు. కీమో నడుస్తుండగానే నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, ఇంట్లోవాళ్ల టెన్షన్ చూసుకునే వైద్యం అది. 2010లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి డాక్టర్లు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై అధ్యయనం చేశారు. మొదటినుంచే పాలియేటివ్ కూడా అందినవాళ్లలో దిగులు తక్కువ. చివర్లో వాళ్లకు చేసిన బరువైన చికిత్సలూ తక్కువే. అయినా వాళ్ల మధ్యస్థ ఆయుష్షు 11.6 నెలలు, మిగతావాళ్లది 8.9. చేతులెత్తేయడమే అయితే ఈ అంకెలు ఇలా ఉండవు.

మన దేశంలో అలాంటి ఆరు నెలల చట్టం లేదు. అయినా భయం మాత్రం వచ్చింది. దానికి తోడు మనకో సొంత గాయం ఉంది. 1985 నాటి మత్తుమందుల చట్టంతో, తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ తెప్పించాలంటే లైసెన్సు మీద లైసెన్సు కావాల్సి వచ్చింది. ఆసుపత్రులు ఆ బెడద పడలేక వదిలేశాయి. 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టి దారి చూపినా, చట్టం సడలింది 2014లోనే. ఈలోగా ఎందరో డాక్టర్లు మార్ఫిన్ వాడటం చూడకుండానే చదువు ముగించారు. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని ‘ఇంటికి తీసుకెళ్లండి’ అని పంపేయడమే ఆఖరి వైద్యమైపోయింది. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

క్యాన్సర్ డాక్టర్ల ఇబ్బందీ ఉంది. ‘నాన్నకు చెప్పొద్దు’ అని కొడుకు వేడుకుంటాడు, పాలియేటివ్ ఓపీ బోర్డేమో అంతా చెప్పేస్తుంది. అమెరికాలో ఎండీ ఆండర్సన్ సెంటర్ 2007లో ఆ ఓపీ పేరును సపోర్టివ్ కేర్‌గా మార్చాక పేషెంట్లు ముందుగానే రావడం మొదలైంది.

హైదరాబాద్‌లో రెండూ ఉన్నాయి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ నడిపే స్పర్శ్ హాస్పిస్ ఆఖరి దశలో ఉన్నవాళ్లను ఉచితంగా చూసుకుంటుంది. ఇక కోర్టు సంగతికొస్తే, 2018 తీర్పు, దాన్ని సులువు చేసిన 2023 ఉత్తర్వు ప్రకారం ప్రాణాధార చికిత్స ఆపాలంటే రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి. పాలియేటివ్ డాక్టర్‌ను కలవడానికి ఏ బోర్డూ అక్కర్లేదు. మొదటి కీమో రోజునే అడగొచ్చు.