ఆర్క్‌రైట్ అనే ఇంటిపేరు

చిరంజీవులకు ఆశీస్సులు.

పారిశ్రామిక విప్లవం పాఠంలో రిచర్డ్ ఆర్క్‌రైట్ పేరు మీకు తగిలే ఉంటుంది. నీటి బలంతో నూలు వడికే వాటర్ ఫ్రేమ్‌కు 1769లో పేటెంటు తీసుకుని, 1771లో క్రామ్‌ఫర్డ్‌లో మిల్లు కట్టించినాయన. ఆ ఇంటిపేరు ఇంగ్లండులోనూ అరుదే, ఎక్కువగా లాంకషైర్ వైపుది.

ఆర్క్ అనగానే బైబిల్లోని నోవా ఓడ గుర్తొస్తుంది. ఇక్కడ ఓడ ఏమీ లేదు. ఉత్తర ఇంగ్లండులో గింజలు, ఓట్స్ పిండి దాచుకునే పెద్ద చెక్కపెట్టెను ఆర్క్ అనేవారు, మన గాదెలాగే. రైట్ అంటే చేసేవాడు. వీల్‌రైట్ చక్రాలు చేస్తాడు, వెయిన్‌రైట్ బళ్లు చేస్తాడు.

ఈ పెట్టె పని తేలికేం కాదు. పచ్చి ఓక్ దుంగను రంపంతో కోయకుండా, ఆప్పులు (చెక్క చీల్చే మొనదేలిన ముక్కలు) కొట్టి నార వెంబడి చీలుస్తారు. నారకు అడ్డంగా తెగిన పలక బలం తగ్గుతుంది, ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది. అతుకులకు చెక్కచీలలే. ఇనపమేకు కొడితే ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం దాన్ని తినేస్తుంది, చుట్టూ చెక్క నల్లబడుతుంది. చెమ్మ తగలకుండా కాళ్లు పెట్టి నేల నుంచి ఎత్తుతారు. కొన్నింటి మూత ఊడదీసి తిరగేస్తే పిండి కలిపే తొట్టి!

ఇంగ్లండులో ఇంటిపేర్లు 1066 తర్వాత మెల్లగా మొదలై, 1400 నాటికి చాలాచోట్ల వంశపారంపర్యం అయ్యాయి. అంతకుముందు పేరు పక్కన వృత్తి చెప్పేది ఆ మనిషి గురించే. కొడుకు వేరే పని పడితే పేరూ మారేది. 1379 నాటి తలపన్ను పట్టీల్లో చాలాచోట్ల పేరుతోపాటు వృత్తి కూడా రాశారు. రెండూ కలవకపోతే ఇంటిపేరు అప్పటికే స్థిరపడిందన్నమాట. మన రిచర్డ్ తండ్రి దర్జీ, రిచర్డేమో క్షౌరం నేర్చి విగ్గులు చేశాడు. పిండిపెట్టెల ఊసే లేదు.

ఇలాంటి పేరు వెతకాలంటే తెలిసిన మనిషి నుంచి వెనక్కి నడవండి. 1837 జులై నుంచి ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లున్నాయి, అంతకుముందు 1538 దాకా చర్చి రిజిస్టర్లు. 1841 జనాభా లెక్కల్లో పెద్దల వయసు సాధారణంగా అయిదేళ్ల మెట్టుకు తగ్గించి రాశారు: 39 ఉంటే 35. అది నమ్మి పుట్టిన ఏడు లెక్కేస్తే నాలుగేళ్లు తప్పుతుంది. 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి 1731 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1732. అక్షరక్రమం రాసేవాడి చెవిని బట్టి. ఒక్క స్పెల్లింగుతో వెతికి లేరనుకోవద్దు.

ఇంటిపేరుకో వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) అంటూ అమ్మేవాళ్లుంటారు, కొనకండి. ఇంగ్లండులో చిహ్నం ఇచ్చేది ఒక వ్యక్తికి, అతని వారసులకు. అదే ఇంటిపేరున్న మిగతావాళ్లకు దాని మీద హక్కు లేదు.

మీ తాతయ్య